అభ్యర్థిత్వపు గడప: దిగువ కృష్ణా డెల్టాలో మహిళల ఎన్నికల ప్రాతినిధ్యం

ఉపోద్ఘాతం

ఎన్నికల బరిలో దిగడాన్ని తెలుగు రెండు క్రియలతో చెబుతుంది. వ్యక్తి ఎన్నికల్లో 'నిలబడుతుంది'. పార్టీ ఆ వ్యక్తిని 'నిలబెడుతుంది'. మొదటి క్రియలో కర్తృత్వం అభ్యర్థిది, రెండవదానిలో పార్టీది. మహిళల ప్రాతినిధ్యాన్ని గురించిన చర్చ ఎక్కువగా ఓటరు చుట్టూ తిరుగుతుంది. ఓటర్లు స్త్రీలను గెలిపిస్తారా, లేదా అన్నదే అందులో ప్రధాన ప్రశ్న. దానికంటె ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: స్త్రీలను నిలబెట్టింది ఎవరు, ఎక్కడ, ఎప్పుడు?

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమలతో కూడిన దిగువ కృష్ణా డెల్టా ఈ ప్రశ్నకు తగిన క్షేత్రం. స్త్రీల సంఘజీవనం తొలినాళ్లలోనే వేళ్లూనుకున్న నేల ఇది. జాతీయోద్యమంలోనూ కమ్యూనిస్టు ఉద్యమంలోనూ ఇక్కడి స్త్రీలు పాలుపంచుకున్నారు. అయినా చట్టసభల జాబితాలలో వారి పేర్లు అత్యల్పం. ఈ అంతరానికి కారణం ఓటరు తీర్పులో కంటె అభ్యర్థిత్వ నిర్ణయంలోనే ఎక్కువగా ఉన్నదని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఓటు హక్కు, పోటీ హక్కు

1902లో మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం ఏర్పడింది. ఓరుగంటి సుందరీ రత్నమాంబ, భండారు అచ్చమాంబ దాని వెనుక నిలిచిన వ్యక్తులు. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రచయిత్రిగా అచ్చమాంబ సాహిత్య చరిత్రకు సుపరిచితురాలే. సమావేశం జరపడం, సభ్యత్వం నడపడం, సభలో ప్రసంగించడం వంటివి తరువాతి కాలపు ఎన్నికల రాజకీయాలకు కావలసిన నైపుణ్యాలే. వాటిని ఈ పట్టణపు స్త్రీలు ఓటు హక్కుకు దాదాపు రెండు దశాబ్దాల ముందే అభ్యసించారు. 'కృష్ణాపత్రిక' ఆరంభమైనదీ ఆ సంవత్సరమే, ఆ పట్టణంలోనే.

మద్రాసు శాసనమండలి 1921లో స్త్రీలకు ఓటు హక్కు నిచ్చింది. అయితే అది ఆస్తి అర్హత ఉన్నవారికే పరిమితం. స్త్రీల పేర సొంత ఆస్తి అరుదైన డెల్టా రైతు కుటుంబాలలో ఈ హక్కు ఎందరికి దక్కి ఉంటుందో ఊహించవచ్చు. గమనించదగిన మరో విషయం, అప్పటికి స్త్రీ ఓటు వేయవచ్చునే గాని సభ్యత్వానికి పోటీచేయరాదు. ఆ నిషేధం 1926లో తొలగింది. ఆ ఏడే మంగుళూరు నుంచి పోటీచేసిన కమలాదేవి చట్టోపాధ్యాయ స్వల్ప తేడాతో ఓడిపోయారు. 1927లో మండలి ఉపాధ్యక్షురాలైన ముత్తులక్ష్మీరెడ్డి నామినేషన్ ద్వారా సభలో ప్రవేశించినవారు. అంటే ఎన్నుకునే హక్కుకూ ఎన్నికయ్యే హక్కుకూ నడుమ ఎడం మొదటినుంచీ వ్యవస్థలోనే ఉంది.

1935 భారత ప్రభుత్వ చట్టం 215 స్థానాల మద్రాసు శాసనసభలో 8 స్థానాలను స్త్రీలకు కేటాయించింది. 1937 ఎన్నికల్లో ఆ స్థానాల నుంచి గెలిచిన రుక్మిణీ లక్ష్మీపతి సభకు ఉపసభాపతి అయ్యారు. కేటాయింపు జరిగినచోట అభ్యర్థినులు దొరికారు, గెలిచారు, పదవులు నిర్వహించారు. స్వాతంత్ర్యానంతరం సార్వత్రిక వయోజన ఓటు హక్కు వచ్చింది. చట్టసభలలో స్త్రీలకు ప్రత్యేక స్థానాలు పోయాయి. సమానత్వమనే సూత్రంపై స్త్రీ సంఘాలలోని పలువురు నాయకురాండ్రే ప్రత్యేక స్థానాలను వద్దన్నారు. సూత్రం ఉదాత్తమైనదే. దాని ఫలితం మాత్రం పార్టీల విచక్షణకు వదలబడింది.

ఉద్యమంలో ముందు, జాబితాలో వెనుక

1952 తొలి సాధారణ ఎన్నికల్లో మచిలీపట్నం, గుడివాడ లోక్‌సభ స్థానాలు రెండింటినీ కమ్యూనిస్టు పార్టీ గెలుచుకుంది. మచిలీపట్నం నుంచి సనకా బుచ్చికోటయ్య, గుడివాడ నుంచి కె. గోపాలరావు ఎన్నికయ్యారు. ఈ విజయం వెనుక ఉన్న నిర్మాణంలో స్త్రీల పాత్ర చిన్నది కాదు. 1940ల నాటి మహిళా సంఘాలు గ్రామాల్లో రాజకీయ తరగతులు నిర్వహించాయి. అక్షరాలు నేర్పాయి. నిర్బంధకాలంలో అజ్ఞాత కార్యకర్తలకు ఆశ్రయమిచ్చాయి. పామర్రులో 1918లో జన్మించిన కొండపల్లి కోటేశ్వరమ్మ జీవితం ఇందుకు నిదర్శనం. ఆమె ఆత్మకథ 'నిర్జన వారధి' 2012లో వెలువడింది. పార్టీ కోసం అజ్ఞాతవాసం అనుభవించిన తరం అది. ఆ తరం స్త్రీల శ్రమ ఉద్యమ చరిత్రలో ఉంది. రెండు లోక్‌సభ స్థానాల అభ్యర్థిత్వాలు పురుషులకే దక్కాయి.

ఇది ఒక్క పార్టీ లక్షణం కాదు. 1957లో మచిలీపట్నాన్ని కాంగ్రెసు తరఫున మండలి వెంకటకృష్ణారావు గెలిచారు. 1962లో స్వతంత్ర అభ్యర్థి మండల వెంకటస్వామినాయుడు గెలిచారు. ఆపైన కాంగ్రెసు, తెలుగుదేశం, వై.ఎస్.ఆర్. కాంగ్రెసు, జనసేన పార్టీలు ఆ స్థానాన్ని గెలుచుకున్నాయి. 1952 నుంచి 2024 వరకు జరిగిన 18 సాధారణ ఎన్నికల్లో మచిలీపట్నం ఒక్క మహిళనైనా లోక్‌సభకు పంపలేదు. 1952 నుంచి 1971 వరకు ఉన్న గుడివాడ లోక్‌సభ స్థానం కూడా అయిదు ఎన్నికల్లోనూ పురుషులనే ఎన్నుకుంది. పార్టీలు మారాయి, సిద్ధాంతాలు మారాయి, నియోజకవర్గాల ఎల్లలు మారాయి. ఈ ఒక్క అంశం మారలేదు.

పొరుగునే ఉన్న విజయవాడ దీనికి భిన్నం. అక్కడి నుంచి చెన్నుపాటి విద్య 1980లోను, 1989లోను లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆమె నాస్తికోద్యమ నాయకుడు గోరా, సరస్వతీ గోరాల కుమార్తె. గోరా మచిలీపట్నం హిందూ కళాశాలలో అధ్యాపకుడిగా పనిచేసి, 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించారు. డెల్టా గ్రామంలో మొలకెత్తిన సంస్కరణ సంప్రదాయం నుంచి వచ్చిన మహిళకు నగర నియోజకవర్గం అవకాశమిచ్చింది, రెండుసార్లు గెలిపించింది. కృష్ణా జిల్లా ఓటరు స్త్రీకి ఓటు వేయడన్న వాదం ఈ ఒక్క ఉదాహరణ ముందే నిలవదు.

ఇరవై ఎనిమిదింట ఒకటి

2008 పునర్విభజన తరువాత మచిలీపట్నం లోక్‌సభ పరిధిలో ఏడు శాసనసభ స్థానాలున్నాయి: గన్నవరం, గుడివాడ, పెడన, మచిలీపట్నం, అవనిగడ్డ, పామర్రు, పెనమలూరు. 2009, 2014, 2019, 2024 సాధారణ ఎన్నికలను కలిపి చూస్తే మొత్తం 28 ఫలితాలు. వీటిలో మహిళ గెలిచినది ఒక్కటే: 2014లో పామర్రు నుంచి ఉప్పులేటి కల్పన.

ఆ ఒక్క ఫలితాన్ని వివరంగా పరిశీలించాలి. కల్పన 2009లో తెలుగుదేశం అభ్యర్థిగా అదే స్థానంలో ఓడిపోయారు. 2014లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు తరఫున వర్ల రామయ్యపై గెలిచారు. ఆ తరువాత తిరిగి తెలుగుదేశంలో చేరి, 2019లో కైలే అనిల్‌కుమార్ చేతిలో ఓడిపోయారు. వరుసగా మూడు ఎన్నికల్లో రెండు ప్రధాన పార్టీలు ఆమెను నిలబెట్టాయి. ఒకసారి ఓడిన వ్యక్తికి మరల అవకాశం రావడం పురుష అభ్యర్థుల విషయంలో సాధారణం. ఆ సాధారణ నియమం ఒక మహిళకు వర్తించినచోట విజయం లభించింది.

రెండవ అంశం, పామర్రు షెడ్యూల్డు కులాలకు కేటాయించిన స్థానం. ఉమ్మడి కృష్ణా జిల్లాలోనే మరో రిజర్వుడు స్థానమైన నందిగామలో 2014లో శాసనసభ్యుడు తంగిరాల ప్రభాకరరావు మరణించగా, ఉప ఎన్నికలో ఆయన కుమార్తె తంగిరాల సౌమ్య గెలిచారు. 2024లో ఆమె మరల ఎన్నికయ్యారు. అంతకు ఏడాది ముందు, 2013లో, దివిసీమ కేంద్రమైన అవనిగడ్డలో అంబటి బ్రాహ్మణయ్య మరణానంతరం జరిగిన ఉప ఎన్నికలో ఆయన కుమారుడు శ్రీహరిప్రసాద్ ఎన్నికయ్యారు. వారసత్వం రెండుచోట్లా పనిచేసింది. భూమి, నీరు, చెరువుల ఆదాయం ఆధారంగా బలపడిన కుటుంబాల పోటీ తీవ్రంగా ఉన్న జనరల్ స్థానాలలో అభ్యర్థిత్వం పురుషుల మధ్యనే చేతులు మారుతున్నది. ఆ పోటీకి చట్టం హద్దు గీసిన రిజర్వుడు స్థానాలలో స్త్రీకి కొంత చోటు దొరికింది. రెండు ఉదాహరణల నుంచి సూత్రం తీయడం తొందరపాటే గాని, ఈ తేడాను విస్మరించడమూ తగదు.

అభ్యర్థిత్వం ఖరారయ్యే తీరు ఇక్కడ కీలకం. 1968 ఎన్నికల చిహ్నాల ఉత్తర్వు ప్రకారం గుర్తింపు పొందిన పార్టీ తన అభ్యర్థి పేరును బీ-ఫారం ద్వారా రిటర్నింగు అధికారికి తెలుపుతుంది. నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం మూడు గంటలలోగా అది అందాలి. ఆ కాగితం వెనుక జరిగిన సంప్రదింపులకు నమోదు లేదు. ఎవరి పేర్లు పరిశీలనకు వచ్చాయి, ఎవరిని ఏ కారణంతో తోసిపుచ్చారు అనేవి ఏ గణాంక నివేదికలోనూ కనబడవు. 'గెలుపు గుర్రం' అన్న నానుడి ఈ దశలోనే పనిచేస్తుంది. ధనబలం, కులబలం, అనుచరగణం ఉన్నవారే గెలుపు గుర్రాలన్నది దాని భావం. అవి మూడూ తరతరాలుగా పురుషుల చేతుల్లో ఉన్నప్పుడు, స్త్రీ పేరు చర్చకు రాకముందే తీర్పు వెలువడినట్లే.

చట్టం తెరచిన తలుపు

స్థానిక సంస్థల చరిత్ర దీనికి పూర్తిగా ఎదురు దిశలో సాగింది. 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలలో మూడింట ఒక వంతుకు తగ్గకుండా స్థానాలను స్త్రీలకు కేటాయించింది. 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం దానిని రాష్ట్రంలో అమలుపరచింది. 2011లో రాష్ట్రం ఆ వాటాను సగానికి పెంచింది. 2014లో కృష్ణా జిల్లా పరిషత్తు అధ్యక్షురాలిగా గద్దె అనూరాధ, 2021లో గుడ్లవల్లేరు నుంచి ఎన్నికైన ఉప్పాల హారిక బాధ్యతలు స్వీకరించారు. 1866 నాటి మచిలీపట్నం పురపాలక సంఘం నగరపాలక సంస్థగా మారిన తరువాత 2021లో జరిగిన తొలి ఎన్నికల్లో మోకా వెంకటేశ్వరమ్మ మేయరయ్యారు.

భూమి అదే, ఓటర్లు వారే, పార్టీలూ అవే. మారినది ఒక్కటే: స్త్రీని నిలబెట్టక తప్పని చట్టపు నిబంధన. శాసనసభకు యోగ్యులైన స్త్రీలు దొరకరని చెప్పిన పార్టీలే మండలాలకూ డివిజన్లకూ వందలాది స్త్రీలను వెతికి నిలబెట్టాయి.

ఎన్నికైన స్త్రీల పేరిట భర్తలు పెత్తనం చేస్తున్నారన్న విమర్శ ప్రబలంగా ఉంది. అది నిరాధారం కాదు. అయితే ఈ విమర్శను స్త్రీలకు మాత్రమే వర్తింపజేయడం అన్యాయం. తండ్రి స్థానంలో గెలిచిన కుమారుని స్వతంత్రతను ఎవరూ అదే తీరున ప్రశ్నించరు. పైగా స్థానిక సంస్థలో అనుభవం గడించిన స్త్రీకి శాసనసభకు దారి తెరుచుకోకపోవడమే పై విమర్శకంటె పెద్ద లోపం. జిల్లా పరిషత్తును నడిపిన అనుభవం పురుషునికి రాజకీయ మూలధనమైతే, స్త్రీకి తరచు అదే చివరి మెట్టు అవుతున్నది.

మేరీలాండ్ నుంచి ఒక పోలిక

అమెరికాలో పార్టీ అభ్యర్థిని ప్రైమరీ ఎన్నిక ద్వారా ఓటర్లే నిర్ణయిస్తారు. ఆ దారిన నడిచిన తెలుగు మహిళ అరుణా మిల్లర్. కృష్ణా జిల్లా మూలాలున్న కాట్రగడ్డ కుటుంబంలో 1964లో హైదరాబాదులో జన్మించి, బాల్యంలోనే అమెరికా చేరిన ఆమె, మేరీలాండ్ ప్రతినిధుల సభలో 2011 నుంచి 2019 వరకు సభ్యురాలు. 2018లో ఆరవ కాంగ్రెస్ జిల్లా డెమోక్రాటిక్ ప్రైమరీలో పోటీచేసి, సొంత సొమ్మును భారీగా వెచ్చించిన డేవిడ్ ట్రోన్ చేతిలో ఓడిపోయారు. ఆయనకు సుమారు 40 శాతం, ఆమెకు సుమారు 31 శాతం ఓట్లు వచ్చాయి. 2022లో వెస్ మూర్‌తో జంటగా ప్రైమరీ గెలిచి, నవంబరు ఎన్నికల్లోనూ నెగ్గి, 2023 జనవరిలో లెఫ్టినెంట్ గవర్నరయ్యారు.

ప్రైమరీ పద్ధతి నిర్దోషమైనదని ఈ ఉదాహరణ చెప్పదు. ధనబలం అక్కడా ప్రబలమే. కాని అక్కడి ఓటమికి లెక్క ఉంది. 31 శాతం ఓట్లు ఆమె బలానికి బహిరంగ సాక్ష్యంగా మిగిలాయి. గుడివాడలోనో, అవనిగడ్డలోనో టికెట్టు ఆశించి భంగపడిన మహిళకు అటువంటి సాక్ష్యం మిగలదు. ఓడినవారి పేరు చరిత్రకు దక్కుతుంది. నిరాకరింపబడినవారి పేరు దక్కదు.

ఉపసంహారం

దిగువ కృష్ణా డెల్టాలో స్త్రీల రాజకీయ చరిత్రను గెలుపోటముల పట్టికలతో మాత్రమే రాస్తే 28లో ఒకటి అన్న అంకె దగ్గర ఆగిపోవలసి వస్తుంది. అభ్యర్థిత్వాన్ని చరిత్రాంశంగా గ్రహిస్తే 1902 నాటి స్త్రీ సమాజం, 1940ల మహిళా సంఘాలు, 1995 తరువాతి పంచాయతీలు ఒకే వరుసలో కనిపిస్తాయి. సామర్థ్యం ప్రతి దశలోనూ ఉంది. చట్టం నిర్బంధించినచోట దానికి ప్రాతినిధ్యం లభించింది, పార్టీల ఇష్టానికి వదలినచోట లభించలేదు.

లోక్‌సభలోను, శాసనసభలలోను మూడింట ఒక వంతు స్థానాలను స్త్రీలకు కేటాయిస్తూ 2023లో వచ్చిన 106వ రాజ్యాంగ సవరణ, తన అమలును జనగణనకు, ఆపై నియోజకవర్గాల పునర్విభజనకు ముడిపెట్టింది. ఆంధ్రప్రదేశ్ ఓటర్ల జాబితాలో పురుషులకంటె స్త్రీలే అధికం. ఆ జాబితా నుంచి అభ్యర్థుల జాబితాకు గల దూరాన్ని కొలవడానికి మౌఖిక చరిత్రలు, పార్టీల అంతర్గత పత్రాలు, స్థానిక పత్రికల సంచికలు ఆకరాలు కాగలవు. పామర్రు కోటేశ్వరమ్మ తరానికి అభ్యర్థిత్వం ఎందుకు దక్కలేదో, అదే పామర్రులో 2014లో ఒక మహిళ ఎలా గెలవగలిగిందో కలిపి చెప్పగలిగినప్పుడే ఈ ప్రాంతపు ఎన్నికల చరిత్ర సమగ్రమవుతుంది.