బొగ్గుబాయి పిల్లల వ్యాకరణము

పరవస్తు చిన్నయసూరి 1858లో ప్రకటించిన గ్రంథమునకు బాలవ్యాకరణమని పేరు. ఆ పేరు చూచి బాలురు మురిసిపోవుటకు వీలులేదు. పది పరిచ్ఛేదముల ఆ సూత్రగ్రంథమును పెద్దలే గురుముఖమున చదువుకొనవలసి యుండును. అయినను మన పిల్లలు వ్యాకరణ మెరుగనివారు కారు. బడిలో చేరుటకు ముందే వీధిలో, ఆటలలో దానిని పట్టుకొందురు. గోదావరిఖని వాడలను తలచుకొన్నపుడు ఈ సంగతి మనకు మరింత స్పష్టముగా తోచును.

ఇల్లందు ప్రాంతమున బొగ్గున్నదని డాక్టరు విలియం కింగ్ 1871లో గుర్తించెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడెను. 1945లో అది నైజాం ప్రభుత్వము చేతికి వచ్చెను. ఆ సంస్థానమున 1948 వరకు ఉన్నత విద్య ప్రధానముగా ఉర్దూలో సాగినది. తెలుగు ఇంటిభాషగా మిగిలిపోయినది. తరువాత 1960వ దశకమున రామగుండము ప్రక్కన గనులు పెరుగగా నానా జిల్లాలవారు వచ్చి చేరిరి. బడిలో పుస్తకపు తెలుగు ఒకటి, ఇంటిలో పలుకు మరియొకటి. ఇంటి పలుకు నోట రాగానే తప్పు అని మందలింపు. ఇక ఆ పిల్లవానికి వ్యాకరణమనగా తన తల్లి మాటను తప్పుపట్టు శాస్త్రమని తోచుటలో వింత యేమున్నది?

కాని నిజమారయుదము. ప్రథమావిభక్తి మీద వచ్చు క చ ట త ప లు గ స డ ద వ లుగా మారునని సూరి చెప్పెను. వాడు, పోయె అను రెండు మాటలు కలిసి 'వాడువోయె' నగును. పట్టణపు విద్యార్థి దీనిని వల్లె వేయును. బొగ్గుబాయి కార్మికుని బిడ్డ 'వాడువోయిండు' అని పుట్టుకతోనే పలుకును! సూత్రము వాని నాలుకపై నున్నది. వానికి కావలసినది ఆ సూత్రము పేరు మాత్రమే.

దీనిని ఆటగా చేయుట కష్టము కాదు. గనిలో టబ్బులు ఒకదానికొకటి తగిలించుకొని సాగుట ఆ పిల్లలకు పరిచితమే. ఒకని మెడలో 'తల్లి' అను అట్ట, మరియొకని మెడలో 'తండ్రి' అను అట్ట వ్రేలాడదీయవలెను. చేతులు కలుపగనే రెండవవాడు 'త' తీసి 'ద' తగిలించుకొనవలెను. మరచినచో బండి కదలదు. 'అన్న', 'తమ్ముడు' కలిసినపుడును అంతే. పది నిమిషముల ఆటలో వచ్చునది పలుమార్లు వల్లె వేసినను రాదని మా నమ్మకము.

'క' భాష సంగతి వేరు. ఇది పంతుళ్ళు నేర్పినది కాదు, పంతుళ్ళకు తెలియకుండ మాటలాడుకొనుటకు పుట్టినది. ప్రతి అక్షరమునకు ముందు 'క' చేర్చిన 'రామ' కాస్తా 'కరాకమ' యగును. 'అమ్మ' యైనచో 'కఅకమ్మ'. అక్కడ 'మ్మ'ను ఏ పిల్లవాడును రెండుగా విడదీయడు. ద్విత్వాక్షరము ఒక్క అక్షరమేనని వానికి ఎవరు చెప్పిరి? ఛందస్సునకు ఇదే తొలిమెట్టు. అంత్యాక్షరిలో గడుసువాడు 'కళ' యనియో 'వీణ' యనియో ముగించి ఎదుటివానిని ఇరుకున పెట్టును. 'ళ', 'ణ' లతో తెలుగుమాట మొదలుకాదని అంతటితో అందరికిని తెలియును.

1945లో 'బాల' పత్రికను నెలకొల్పిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగా ఆటపాటల నడుమనే పిల్లలకు భాషపై మక్కువ కలిగించిరి. రేడియో గల ఇండ్లవారికి వారిని గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు.

ఊరిపేర్లతోనే సమాసములాడవచ్చును. కొత్తగూడెములో 'కొత్త' విశేషణము. గోదావరిఖని గోదావరి యొక్క ఖనియా, గోదావరి చెంతనున్న ఖనియా? బొగ్గుబాయిలో 'బ' ఏల మారలేదు? క చ ట త ప లలో అది లేదని ఒక పిల్లయైనను కనిపెట్టకపోదు. గోదావరిఖనిలోనే 'ఎనిమిది ఇంక్లైన్ కాలనీ' కలదు. సంఖ్య ముందున్నది గనుక ద్విగువని ఒక జట్టు వాదింపవచ్చును. అచట ఎనిమిది ఇంక్లైనులు లేవు, అది ఎనిమిదవది మాత్రమేనని రెండవ జట్టు లేచును. పంతులుగారు తీర్పు చెప్పుటకు తొందరపడక, బడిగంట మ్రోగువరకు ఇరుపక్షముల వాదన వినుచుండుట మేలు.