పేరు, పద్ధతి: షాంపేన్ వెలుపలి స్పార్క్లింగ్ వైన్ చరిత్రలో ఒక వివాదం

షాంపేన్ అనేది ఈశాన్య ఫ్రాన్సులోని ఒక ప్రాంతం పేరు. ఆ నేలలో పండిన ద్రాక్షతో, అక్కడి నియమాల మేరకు తయారైన వైన్‌కు మాత్రమే ఆ పేరు చెల్లుతుందని ఫ్రాన్సు వాదన. తయారీ పద్ధతి మాత్రం ఎక్కడైనా ఆచరించదగినదే. ముందుగా మామూలు వైన్ చేసి, సీసాలో నింపేటప్పుడు కొంత చక్కెర, ఈస్ట్ చేర్చి మూత బిగిస్తారు. సీసాలోనే రెండవసారి కిణ్వనం జరిగి, వెలువడిన వాయువు బయటికి పోయే దారిలేక వైన్‌లో కరిగిపోతుంది. బుడగలకు మూలం అదే. నెలల తరబడి నిలవబెట్టిన తరువాత ఈస్ట్ మడ్డిని సీసా మూతి దగ్గరికి చేర్చి తొలగిస్తారు. ఈ పద్ధతి దేశాలు దాటుతున్నకొద్దీ పేరు చుట్టూ కంచె ఎలా బిగిసిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నిజానికి పద్ధతి సైతం పూర్తిగా షాంపేన్ సొత్తు అనడానికి వీలులేదు. ఇంగ్లండులో వైన్‌కు చక్కెర, మొలాసిస్ కలిపి నురగలెత్తేలా చేస్తున్నారని క్రిస్టఫర్ మెరెట్ 1662 డిసెంబరులో లండన్ రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో పేర్కొన్నాడు. జనశ్రుతిలో ఆవిష్కర్తగా నిలిచిన డోమ్ పెరిన్యోన్ షాంపేన్‌లోని ఓవిలేర్ మఠానికి చేరింది 1668లో.

పేరు వివాదం బాగా ముదిరింది స్పెయిన్ వైన్ విషయంలో. కాటలోనియాలోని సాంత్ సదుర్నీలో జోసెప్ రవెంతోస్ 1872లో స్థానిక ద్రాక్షతో ఈ పద్ధతిలో వైన్ తయారుచేశాడు. తరువాతి కాలంలో కాటలోనియా వైన్ ‘స్పానిష్ షాంపేన్’ అనే పేరుతో లండన్ మార్కెట్‌కు చేరింది. దిగుమతిదారైన కోస్టా బ్రావా వైన్ కంపెనీపై 1958లో నడిచిన క్రిమినల్ కేసును జ్యూరీ కొట్టివేసింది. ‘స్పానిష్’ అని స్పష్టంగా రాసి ఉండగా మోసమెక్కడిది అన్నది ప్రతివాదుల ప్రశ్న. అది తేలికగా తోసిపుచ్చదగినది కాదు. అయినా పన్నెండు షాంపేన్ సంస్థలు సివిల్ దావాకు వెళ్లాయి. వైన్ గురించి అంతగా తెలియని కొనుగోలుదారులు దీన్ని అసలు షాంపేన్‌గానే భావించే అవకాశముందని 1960లో న్యాయమూర్తి డాంక్‌వర్ట్స్ తీర్పు చెప్పారు. ఒక ప్రాంతపు ఉత్పత్తిదారులందరికీ పేరుపై ఉమ్మడి హక్కు ఉందన్న సూత్రం ఆంగ్ల న్యాయశాస్త్రంలో ఈ వ్యాజ్యంతోనే స్థిరపడింది. స్పెయిన్ ఆ తరువాత ‘కావా’ అనే సొంత పేరును స్థిరపరచుకుంది. ఆ మాటకు నేలమాళిగ అని అర్థం.

ఇదే కాలంలో షాంపేన్ వారే పద్ధతిని బయటికి తీసుకుపోవడం గమనార్హం. జర్మనీ ఆక్రమణ కాలంలో, 1941లో, షాంపేన్ ద్రాక్ష రైతులను, వైన్ సంస్థలను ఒక్కతాటిపైకి తెచ్చిన ఉమ్మడి సమితి స్థాపకుల్లో మొయెట్ సంస్థ అధిపతి రాబర్ట్-జాన్ ద వొగ్యూయే ఒకరు. పేరును కాపాడే బాధ్యతను ఆ సమితే నేటికీ నిర్వహిస్తోంది. ఆయన చొరవతోనే 1959లో అర్జెంటీనాలో షాండన్ శాఖ మొదలైంది. 1973లో కాలిఫోర్నియాలోని నాపా లోయలో వెలిసిన శాఖ తన వైన్‌ను షాంపేన్ అనలేదు. అమెరికా చట్టం అడ్డుచెప్పకపోయినా, కోర్బెల్ వంటి స్థానిక సంస్థలు ‘కాలిఫోర్నియా షాంపేన్’ పేరుతో అమ్ముతున్నా, అది ‘స్పార్క్లింగ్ వైన్’ అనే మాటకే కట్టుబడింది. నాసిక్ జిల్లా దిండోరి నుంచి 2013లో వెలువడిన షాండన్‌ది కూడా ఇదే వరస. అమెరికాలో పాత లేబుళ్లకు 2006 నాటి ఒప్పందం మినహాయింపు ఇచ్చింది.

పేరు తరువాత వంతు పద్ధతి పేరుది. ‘షాంపేన్ పద్ధతి’ అనే మాటను సైతం ఇతరులు లేబుల్‌పై వాడరాదన్న నియమాన్ని ఐరోపా న్యాయస్థానం 1994లో సమర్థించింది.

ట్రిప్స్ ఒప్పందంలోని 23వ అధికరణంతో ఈ రక్షణ ప్రపంచవ్యాప్తమైంది. దాని ప్రకారం అసలు ఉత్పత్తి స్థలాన్ని చెప్పినా, ‘తరహా’, ‘రకం’ వంటి మాటలు చేర్చినా, వేరే ప్రాంతపు వైన్ పేరును వాడటం కుదరదు. అయితే ఈ అదనపు రక్షణ వైన్లకు, స్పిరిట్లకే పరిమితం. భౌగోళిక సూచికగా నమోదైన పోచంపల్లి ఇక్కత్‌కు వర్తించేది 22వ అధికరణం. అక్కడ కొనుగోలుదారు తప్పుదారి పడుతున్నాడన్న అంశం తేలవలసి ఉంటుంది. వేరే చోట యంత్రంపై అచ్చువేసిన బట్టకు ‘పోచంపల్లి తరహా’ అని పేరుపెట్టి, తయారైన ఊరు కూడా రాస్తే, నేతగాడు ఎదుర్కొనేది 1958లో లండన్ జ్యూరీని ఒప్పించలేకపోయిన ప్రశ్ననే. 23వ అధికరణాన్ని ఇతర సరుకులకూ విస్తరించాలని ప్రపంచ వాణిజ్య సంస్థలో భారత్ కోరుతూ వచ్చింది.