లోహపు అలసట

1842 మే 8వ తేదీన, వెర్సాయి ఉత్సవమును చూచి పారిసునకు మరలుచున్న రైలుబండి ఇంజను ఇరుసు మార్గమధ్యమున విరుగగా, పెట్టెలు ఒకదానిపై నొకటి యెక్కి, మంటలు చెలరేగి, తాళములు వేసిన తలుపుల వెనుక ఏబదిమందికి పైగా యాత్రికులు దగ్ధులైరి. దక్షిణధ్రువ సముద్రములను శోధించి వచ్చిన నావికుడు ద్యూమోఁ ద్యుర్విల్ సైతము ఆ యగ్నికి ఆహుతి యయ్యెను.

నిన్నటివరకు బరువు మోసిన యినుము నేడేల విరిగినది? 1843లో రాంకిన్ పండితుడు విరిగిన ఇరుసులను పరీక్షించి, పగులు క్రమక్రమముగా లోనికి వ్యాపించునని చూపెను. పిదప ప్రష్యా రైల్వే ఇంజనీరు వోలర్, 1870 వరకు ఏండ్ల తరబడి ఇరుసులను యంత్రముపై త్రిప్పి, ఒక్కమారు మోయగల భారమే లక్షలసార్లు అటునిటు మారినచో లోహమును విరుచునని నిరూపించెను. 1924లో పామ్‌గ్రెన్, 1945లో మైనర్ అను ఇంజనీర్లు, ప్రతి భారావృత్తియు లోహాయువున కొంత భాగమును హరించుననియు, ఆ భాగముల మొత్తము ఒకటియైన నాడు ఆయువు తీరుననియు లెక్క గట్టిరి.

నేడు మోటారునకును యంత్రమునకును నడుమనుండు గేర్ కప్లింగు కూడ ఈ ధర్మమునకే లోబడినది. అది కలుపు రెండు శాఫ్టులు ఒకే సరళరేఖపై నిలువనిచో, దాని పండ్లు ప్రతి చుట్టునందును ముందువెనుకలకు జారుచు, వంగుచు, కొలదికొలదిగా క్షీణించును. ఆ యాయువును ముందుగా గణించుట కేవలము శాస్త్రవినోదము గాదు. వెర్సాయి మృతులకు మనము తీర్చుకొనవలసిన ఋణము.