ఆపరేటింగు సిస్టం పునఃస్థాపన

కంప్యూటరులో ఉన్న ఆపరేటింగు సిస్టంను తొలగించి గానీ, దాని మీదనే గానీ, అదే సిస్టంను లేదా దాని కొత్త కూర్పును మళ్ళీ స్థాపించడాన్ని ఆపరేటింగు సిస్టం పునఃస్థాపన అంటారు. వాడుకలో దీన్ని "ఫార్మాట్ కొట్టడం", "ఓఎస్ వెయ్యడం" అని కూడా అంటారు. నిజానికి ఫార్మాట్ అంటే డిస్కు విభాగాన్ని తుడిచివెయ్యడం మాత్రమే. అది పునఃస్థాపనలో ఒక దశ. సిస్టంను స్థాపించాక భాష, కీబోర్డు, ఫాంట్లు, డ్రైవర్లు, అనువర్తనాలను వాడుకరి తన అవసరానికి తగ్గట్టు అమర్చుకోవడాన్ని అనుకూలీకరణ అంటారు.

పునఃస్థాపనకు నిర్ణీతమైన గడువు ఏదీ లేదు. సిస్టం ఎంత దృఢంగా ఉంది, ఆ కూర్పుకు ఎంతకాలం మద్దతు ఉంది, అనుకూలీకరణ ఎంత సులభం అన్న వాటిపై అది ఆధారపడి ఉంటుంది. తెలుగు వాడుకరుల విషయంలో దీనికి మరొక పార్శ్వం కూడా ఉంది. తెలుగు అక్షరాలు సిస్టంలో అంతర్భాగం కాకముందు, ప్రతి పునఃస్థాపనతోను కంప్యూటరులోని తెలుగు కూడా పోయేది. దాన్ని మళ్ళీ మొదటి నుండి అమర్చుకోవలసి వచ్చేది.

పునఃస్థాపన రకాలు

* శుద్ధ స్థాపన: డిస్కు విభాగాన్ని ఫార్మాట్ చేసి కొత్తగా స్థాపించడం. ఆ విభాగంలోని దస్త్రాలన్నీ పోతాయి.
* మరమ్మతు స్థాపన: ఉన్న సిస్టం దస్త్రాల మీదనే మళ్ళీ స్థాపించడం. సాధారణంగా వాడుకరి దస్త్రాలు మిగులుతాయి.
* ఉన్నతీకరణ: పాత కూర్పు నుండి కొత్త కూర్పుకు మారడం.
* ప్రతిబింబం నుండి పునరుద్ధరణ: ముందుగా భద్రపరచిన డిస్కు నకలును తిరిగి ఎక్కించడం.

తరచుగా చెయ్యడానికి కారణాలు

విండోస్ 98, విండోస్ ఎక్స్‌పీల కాలంలో ఆరునెలలకో, ఏడాదికో ఒకసారి విండోస్‌ను మళ్ళీ స్థాపించడం చాలామంది ఔత్సాహికులకు అలవాటు. దీనికి పలు కారణాలు ఉండేవి.

అనువర్తనాలను స్థాపించి తొలగించే కొద్దీ రిజిస్ట్రీలో వాటి అవశేషాలు పేరుకునేవి. విండోస్ 98లో ఒక అనువర్తనం తెచ్చుకున్న ఉమ్మడి లైబ్రరీ దస్త్రం మరొకదాని దస్త్రాన్ని చెరిపివేసే ఇబ్బంది ఎక్కువగా ఉండేది. విండోస్ 98 వాడిన ఫ్యాట్32 దస్త్ర వ్యవస్థకు, రాస్తూండగా కరెంటు పోతే తేరుకునే శక్తి తక్కువ. తరువాత కంప్యూటరు తెరవగానే స్కాన్‌డిస్క్ నడిచేది. యూపీఎస్ లేని ఇళ్ళలో కరెంటు కోతల వేళ ఇలా సిస్టం దస్త్రాలే చెడిపోయే అవకాశం ఉండేది. మార్పులను ముందుగా చిట్టాలో నమోదు చేసుకునే ఎన్‌టీఎఫ్ఎస్ వాడకంతో ఈ సమస్య చాలావరకు తగ్గింది.

మరో కారణం వైరస్‌లు. 2003 ఆగస్టులో వ్యాపించిన బ్లాస్టర్ వార్మ్, సవరణలు లేని ఎక్స్‌పీ కంప్యూటరులోకి ఇంటర్నెట్ ద్వారా దానంతట అదే చొరబడేది. పాత సీడీతో పునఃస్థాపన చేస్తే సవరణలు కూడా పోయి, కంప్యూటరు మళ్ళీ అదే వార్మ్‌కు లోనయ్యే ప్రమాదం ఉండేది. 2004 ఆగస్టులో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2, ఫైర్‌వాల్‌ను అప్రమేయంగా పనిచేసేలా చేసింది. ఇటువంటి సవరణలను ముందే కలిపి సొంత స్థాపన సీడీ తయారుచేసుకోవడం అప్పటి అనుకూలీకరణ పద్ధతుల్లో ఒకటి.

తెలుగు వాడుకరులు

యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, అది సామాన్యుల కంప్యూటర్లకు చేరడానికి పదేళ్ళకు పైగా పట్టింది. అంతవరకు, డీటీపీ కేంద్రాల్లో ఆ తరువాత కూడా, అను ఫాంట్ల వంటి యూనికోడేతర ఫాంట్లే వాడుకలో ఉన్నాయి. ఇటువంటి ఫాంట్లలో ఆంగ్ల అక్షరాలకు కేటాయించిన సంకేతాల స్థానంలో తెలుగు అక్షరాల ముక్కలు ఉంటాయి. పునఃస్థాపన తరువాత అదే ఫాంటును మళ్ళీ ఎక్కించకపోతే, దస్త్రం భద్రంగా ఉన్నా తెరపై అర్థంలేని గుర్తులే కనిపిస్తాయి. శుభలేఖ గానీ కరపత్రం గానీ సిద్ధాంత వ్యాసం గానీ, దాన్ని చదవగలగడం ఆ ఒక్క ఫాంటు దస్త్రంపైనే ఆధారపడి ఉంటుంది.

2001 అక్టోబరులో విడుదలైన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు యూనికోడ్ ఫాంటు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉన్నాయి. కానీ ఆంగ్ల కూర్పులో అవి అప్రమేయంగా చేతనమై ఉండేవి కావు. కంట్రోల్ ప్యానెల్‌లోని ప్రాంతీయ, భాషా ఎంపికలలో సంక్లిష్ట లిపులకు సంబంధించిన గడిలో టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ పెట్టి, కంప్యూటరును మళ్ళీ ప్రారంభించాలి. ఇందుకు డిస్కులో పట్టే స్థలం దాదాపు 10 మెగాబైట్లే. అయినా సీడీ దగ్గర లేనివారికి, ఈ గడి సంగతి తెలియనివారికి తెలుగు పేజీలు సరిగా కనబడేవి కావు; అక్షరాల స్థానంలో డబ్బాలో, విడిపోయిన గుణింతాలో, వత్తులో కనిపించేవి. పునఃస్థాపన చేసిన ప్రతిసారీ ఈ పని మళ్ళీ చెయ్యాలి.

తమిళనాడు, కర్ణాటకలను ఆనుకుని ఉన్న చిత్తూరు ప్రాంతానికి ఈ విషయం మరింత వర్తిస్తుంది. మూడు రాష్ట్రాల కూడలి అయిన కుప్పం పరిసరాల్లో తెలుగుతో పాటు తమిళం, కన్నడం కూడా వినిపిస్తాయి. 2000లో విడుదలైన విండోస్ 2000లో భారతీయ లిపులలో దేవనాగరికి, తమిళానికి మాత్రమే మద్దతు ఉంది. తెలుగుకు, కన్నడానికి లేదు. ఎక్స్‌పీలో మాత్రం ఆ ఒక్క గడితోనే తెలుగుకు గౌతమి, తమిళానికి లత, కన్నడానికి తుంగ ఫాంట్లు కలిసి వచ్చేవి. 2007లో వచ్చిన విండోస్ విస్టా నుండి ఈ గడి అవసరమే లేకుండా పోయింది.

ఉమ్మడి కంప్యూటర్లు

తిరుపతి వంటి విద్యాకేంద్రాల్లో చాలామంది విద్యార్థులు మొదట కంప్యూటరు వాడినది కళాశాల ప్రయోగశాలలోనో, నెట్ సెంటరులోనో. ఇటువంటి చోట్ల ఒక్కొక్క కంప్యూటరులో విడివిడిగా పునఃస్థాపన చెయ్యడం కష్టం. అందుచేత ఒక కంప్యూటరును పూర్తిగా సిద్ధం చేసి, నార్టన్ ఘోస్ట్ వంటి అనువర్తనంతో దాని ప్రతిబింబాన్ని తీసి, మిగిలిన వాటిలో ఎక్కించే పద్ధతి ఏర్పడింది. డీప్ ఫ్రీజ్ వంటి అనువర్తనాలైతే కంప్యూటరును మళ్ళీ ప్రారంభించిన ప్రతిసారీ పూర్వస్థితికి తెస్తాయి. ఒక విధంగా ఇది రోజూ జరిగే పునఃస్థాపనే.

ఈ పద్ధతిలో అసలు ప్రతిబింబంలో తెలుగు ఉంటే అన్ని కంప్యూటర్లలోను ఉంటుంది. లేకపోతే దేనిలోనూ ఉండదు. వాడుకరి తానుగా టిక్కు పెట్టుకున్నా మరుసటి ప్రారంభానికి అది చెరిగిపోతుంది. 2006లో మొదలైన లేఖిని వంటి ఉపకరణాలు, ఏమీ స్థాపించకుండానే బ్రౌజరులో తెలుగు రాసే వీలు కల్పించి, రాయడం వరకు ఈ ఇబ్బందిని తగ్గించాయి. చదవడానికి మాత్రం కంప్యూటరులో ఫాంటు ఉండవలసిందే.

లినక్సులో పునఃస్థాపన

లినక్సు పంపిణీలలో పునఃస్థాపన అవసరం ప్రధానంగా విడుదలల క్రమంపై ఆధారపడుతుంది. 2004 అక్టోబరులో మొదలైన ఉబుంటు 6 నెలలకు ఒక కూర్పును, 2 సంవత్సరాలకు ఒక దీర్ఘకాల మద్దతు కూర్పును విడుదల చేస్తుంది. డెబియన్‌లో ఆప్ట్ అనే ఉపకరణంతో ఒక కూర్పు నుండి మరొక కూర్పుకు ఉన్నచోటనే మారవచ్చు. 2002లో మొదలైన ఆర్చ్ లినక్సుకు విడి కూర్పులంటూ లేవు. అది నిరంతరం తాజా అవుతూ ఉంటుంది.

వాడుకరి దస్త్రాలు, అమరికలు హోమ్ అనే సంచయంలో ఉంటాయి. దానికి డిస్కులో ప్రత్యేక విభాగం కేటాయిస్తే, సిస్టంను తుడిచి మళ్ళీ స్థాపించినా అవి నిలిచి ఉంటాయి. వాడుకరి తన హోమ్ సంచయంలో వేసుకున్న తెలుగు ఫాంట్లు కూడా అలాగే మిగులుతాయి. లోహిత్ తెలుగు, పోతన2000, వేమన2000 ఫాంట్లు డెబియన్ భాండాగారంలోనే లభిస్తాయి.

తెలుగు కోసం మలచిన పంపిణీలు

ప్రతి వాడుకరీ ప్రతిసారీ చేసే అనుకూలీకరణను ఒక్కసారే చేసి, స్థాపన డిస్కులోనే అందరికీ అందించడం మరొక మార్గం. 2005లో హైదరాబాదులో ఏర్పడిన స్వేచ్ఛ అనే స్వచ్ఛంద సంస్థ, డెబియన్ ఆధారంగా తెలుగు ఆపరేటింగు సిస్టంను రూపొందించింది. సీ-డాక్ 2007లో విడుదల చేసిన బాస్ లినక్సు కూడా డెబియన్ ఆధారితమే. ఇది తెలుగుతో సహా పలు భారతీయ భాషలకు మద్దతిస్తుంది. వీటిలో మెనూలు, ఫాంట్లు, కీబోర్డు స్థాపనతోనే వస్తాయి కనుక పునఃస్థాపనతో తెలుగు పోదు.

తరువాతి పరిణామాలు

2012లో వచ్చిన విండోస్ 8, డిస్కు అవసరం లేకుండానే సిస్టంను పూర్వస్థితికి తెచ్చే సదుపాయాన్ని ప్రవేశపెట్టింది. విండోస్ 10, 11లలో సొంత దస్త్రాలను ఉంచుకోవాలా, అన్నిటినీ తొలగించాలా అన్నది వాడుకరి ఎంచుకోవచ్చు. విండోస్ 8తో నిర్మల యూఐ ఫాంటు, 2019 మే నాటి విండోస్ 10 తాజాకరణతో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు వచ్చాయి. స్మార్ట్‌ఫోన్లలో ఫ్యాక్టరీ రీసెట్ కూడా ఈ కోవకే చెందుతుంది.

ఇలా పాడైనందువల్ల చేసే పునఃస్థాపనలు తగ్గినా, మద్దతు ముగిసినందువల్ల చేసేవి మిగిలాయి. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం తప్పనిసరి. అది లేని పాత కంప్యూటర్లలో లినక్సు స్థాపించుకోవడం ఒక ప్రత్యామ్నాయం.

జాగ్రత్తలు

* దస్త్రాలను వేరే డిస్కులో భద్రపరచాలి. ఎక్స్‌పీ కాలంలో మై డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ సాధారణంగా సి డ్రైవ్‌లోనే ఉండేవి. ఆ సంగతి తెలియక వాటిని పోగొట్టుకున్నవారు ఎందరో.
* యూనికోడేతర ఫాంటులో దస్త్రాలు ఉంటే, వాటితో పాటు ఆ ఫాంటును కూడా భద్రపరచాలి. వీలైతే పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.
* నెట్‌వర్క్ డ్రైవరును ముందే దించుకోవాలి. అది లేకపోతే మిగతా డ్రైవర్లను ఇంటర్నెట్ నుండి తెచ్చుకోవడం కుదరదు.
* లైసెన్సు సంకేతాన్ని రాసి ఉంచుకోవాలి. ఎక్స్‌పీలో స్థాపించిన 30 రోజులలోపు యాక్టివేషన్ చెయ్యవలసి ఉండేది.
* ఇతరులు మార్చిన అనధికార డిస్కులను వాడరాదు. వాటిలో హానికర అనువర్తనాలు ఉండవచ్చు.

ఇవి కూడా చూడండి

* ఆపరేటింగు సిస్టం
* యూనికోడ్
* లేఖిని
* స్వేచ్ఛ
* ఇన్‌స్క్రిప్ట్