అమ్మమ్మ కూజా మూత

బీరువా పై అర సర్దుతుంటే పాత డాల్డా డబ్బా ఒకటి దొరికింది. మూత తీస్తే తెగిపోయిన దండల పూసలు, సగం వాడిన తెల్లదారం ఉండ, తుప్పు పట్టిన లేసు సూది. అన్నీ మా అమ్మమ్మవి. కొత్తగా ఏమీ కొనకుండా వీటితోనే మంచినీళ్ళ కూజాకి మూత అల్లుదామని కూర్చున్నాను. గుండ్రంగా, అంచు చుట్టూ పూసలు వేలాడుతూ ఉండే లేసు మూతలు మీకూ గుర్తుండే ఉంటాయి. పూసల బరువుకి గాలికి ఎగరవు.

అమ్మమ్మది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఆ చుట్టుపక్కల చాలా ఇళ్ళలో ఆడవాళ్ళ చేతిలో లేసు సూది ఉండేది. ముగ్గుల్లాగే ఇదీ తాతల కాలంనాటి మన విద్యే అనుకునేదాన్ని. కాదట. 19వ శతాబ్దం మధ్యలో నర్సాపురం వైపు వచ్చిన మిషనరీల ఇంటి ఆడవాళ్ళు క్రైస్తవంలో చేరిన పేద స్త్రీలకు నేర్పారు. దాదాపు ఆ రోజుల్లోనే, 1845 నుంచి బంగాళాదుంప పంట తెగులుకి పోయి ఐర్లండు ఆకలితో అల్లాడుతుంటే, అక్కడి ఆడవాళ్ళకీ ఈ అల్లికే బతుకుతెరువుగా చూపించారు. ఎందుకంటే దీనికి మగ్గం అక్కర్లేదు, పాక అక్కర్లేదు. ఒక సూది, ఒక దారం. పిల్లాడు ఏడిస్తే పక్కన పెట్టి లేవొచ్చు.

మన దగ్గర ఆ పని తర్వాత్తర్వాత కాపుల ఇళ్ళలోకీ వచ్చింది. పొలం పనికి వెళ్తే పరువు తక్కువ అనుకునే ఇళ్ళలో, గడప దాటకుండా నాలుగు డబ్బులు తెచ్చే పని ఇదొక్కటే. ఇక్కడ అల్లిన లేసు ఓడలెక్కి పైదేశాలకు పోయింది.

1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నర్సాపురం వచ్చి వీళ్ళ మీద పరిశోధన చేసి, 1982లో పుస్తకం వేశారు. ఒకరు పువ్వులు అల్లుతారు, ఇంకొకరు అతుకుపని చేస్తారు, మధ్యలో ఏజెంట్లు, పైన ఎగుమతిదార్లు. వ్యాపారం చాలావరకు మగవాళ్ళ చేతిలో. ఇంటిపని కాక రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు మీదే కూర్చున్నా ఆ ఆడవాళ్ళని గృహిణులనే అన్నారు, అల్లికని తీరిక వేళ కాలక్షేపం అన్నారు. ఆ మాట చదివి పుస్తకం మూసేసి కాసేపు ఊరుకున్నాను.

మా అమ్మ చెప్పిన సంగతి గుర్తొచ్చింది. జనాభా లెక్కలాయన ఇంటికొచ్చి, "మీ ఆవిడ ఏం పని చేస్తారండీ?" అని అడిగాడట. "ఏముందండీ, ఇంట్లోనే ఉంటుంది" అన్నారట తాతయ్య. అమ్మమ్మ అప్పుడు ఆయన వెనకాలే, గుమ్మం పక్క వెలుతురులో పువ్వు అల్లుతోంది. మర్నాడు ఏజెంటుకి ఇవ్వాల్సిన పువ్వులు ఇంకా పన్నెండు ఉన్నాయి. అమ్మ స్కూలు ఫీజు ఆ డబ్బుతోనే కట్టారు. తాతయ్య చెడ్డవారు కాదు, ఆయనకి నిజంగానే అది పనిలా కనిపించలేదు. అమ్మమ్మకి కూడా కనిపించలేదేమో, ఏమీ అనలేదట.

నర్సాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. పువ్వుకి ఇచ్చే రేటు కూడా పెరిగితే ఇంకా సంతోషిస్తాను.

ఇక నా మూత సంగతి. అంచు మొదలుపెట్టకముందే పూసలన్నీ లెక్కపెట్టి దారానికి ఎక్కించుకోవాలి. తర్వాత ఒక్కొక్కటీ సూది దగ్గరికి జరుపుతూ, గొలుసు కుట్టుతో బిగించాలి. మధ్యలో పూస తగ్గితే దారం తెంపాల్సిందే. నాకు నలభై కావాలి, డబ్బాలో ముప్పై ఆరే తేలాయి. మా అమ్మాయి తెగిన గాజుపూసల బ్రేస్‌లెట్ తెచ్చి చేతిలో పెట్టింది. అవి నీలం, అమ్మమ్మవి ఎరుపు. నాలుగు దిక్కులా ఒక్కొక్క నీలం పూస వచ్చేట్టు ఎక్కించాను.