ఆశౌచమును సెలవును

మృతాశౌచమునందున్న యుద్యోగి కొలువునకుఁ బోవలెనా, ఇంట నుండవలెనా యను ప్రశ్నము సాఫ్ట్‌వేరు కంపెనీలతోఁ బుట్టినది కాదు. స్మృతికర్తలు దీనిని గుర్తించి సమాధానముకూడఁ జెప్పిరి. ఆ సమాధానమునకును నేఁటి వ్యవస్థకును గల భేదము విచారింపఁదగియున్నది.

ముందు శబ్దవిచారము. శుచి కానివాని భావము ఆశౌచము. అశౌచమనియుఁ బ్రయోగము కలదు. వీనిలో నొకటి తప్పని వాదించువారు పాణినీయమున నేడవ యధ్యాయమును జూడవలెను. నఞ్‌పూర్వకమగు శుచిశబ్దమున నుత్తరపదాదికి వృద్ధి నిత్యము, పూర్వపదాదికి వికల్పము. కావున రెండును సాధువులే. తెలుఁగున దీనిని మైల యందురు. ఇఁక సెలవనఁగా ననుజ్ఞ. పెద్దలు పలుకుటయు, ఆజ్ఞాపించుటయు సెలవిచ్చుటయే. కొలువు మానుటకుఁ బడసిన యనుజ్ఞయు, నట్లు మానిన దినమును ఆ పేరనే వ్యవహృతములైనవి. మైల మరణముతోడనే కలుగును. దాని నెవ్వరు నియ్యరు. సెలవన్ననో ఒకరీయఁగా నొకరు పుచ్చుకొనునది.

మనువు సపిండులకుఁ బదిదినముల యాశౌచము విధించి, అస్థిసంచయనము వఱకు, మూఁడు దినములు, ఒక్కదినము అను పక్షాంతరములను జెప్పెను. వర్ణభేదమునుబట్టి పండ్రెండు, పదునైదు, ముప్పది దినములును గలవు. నెలదినములు పని మాని కూర్చుండుట కష్టజీవుల కెట్లు పొసఁగును? కారువులకు, శిల్పులకు, వైద్యులకు, దాసీదాసులకు, రాజభృత్యులకు సద్యశ్శౌచమే యని స్మృత్యంతరములు చెప్పినవి. దాసునకు మైల లేదనుట వాని మేలుకొఱకో, యజమాని మేలుకొఱకో వివరింప నక్కఱలేదు. యాజ్ఞవల్క్యుఁడు మఱింత స్పష్టముగా, రాజెవనికి నాశౌచము వలదని కోరునో వానికి లేదనెను. విష్ణుస్మృతియు రాజాజ్ఞ నెఱవేర్చువారికి రాజేచ్ఛచేతనే మినహాయింపు నిచ్చినది. కాని రాజులకు రాజకార్యమునందు, కారువులకుఁ దమ పనియందు అని యచ్చటఁ జెప్పిన సప్తమి గమనింపఁదగినది. ఆ పనియందే మైల లేదు, తక్కినచో నున్నదన్నమాట. అనఁగా నాఁడు మానుట సామాన్యవిధి, పోవుట యపవాదము.

ఈ విషయములను మితాక్షర యందలి యాశౌచప్రకరణమునఁ జర్చించిన విజ్ఞానేశ్వరుఁడు కల్యాణిపురమున నాఱవ విక్రమాదిత్యుని కాలమువాఁడు. ఆ కల్యాణి 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రమునఁ జేరియుండెను. ఇప్పుడా హైదరాబాదునకు వాయవ్యమున నున్న నిజాంపేటలో నా విధి తలక్రిందులైనది. 1998లో సైబర్ టవర్సు ప్రారంభమైన పిదప నీ గ్రామము ఉద్యోగుల నివాసమై, 2019లో బాచుపల్లి, ప్రగతినగర్‌లతోఁ గూడి నగరపాలక సంస్థ యయ్యెను. ఇచ్చట గోదావరి, కృష్ణా మండలములనుండి వచ్చినవారు పెక్కండ్రు.

1988 నాఁటి దుకాణములు, సంస్థల చట్టము సంవత్సరమున 240 దినములు పనిచేసినవానికి 15 దినముల వేతనసహితమగు సెలవును, వేఱుగ 12 దినముల యాకస్మికపు సెలవును నిచ్చినది. ఇంట మరణము సంభవించినప్పుడని ప్రత్యేకముగా నేదియు నియ్యలేదు. కేంద్రోద్యోగుల 1972 నాఁటి నియమములలోను నట్టిది లేదు. 2022లో మాత్రము, పుట్టినవెంటనే శిశువు మరణించిన తల్లికి 60 దినముల ప్రత్యేకపు సెలవు నియ్యవలెనని కేంద్ర ప్రభుత్వ ముత్తరువు చేసినది. న్యూజీలాండు 2003లోనే శాసనముచే సమీపబంధువుల మరణమునకు మూఁడు దినము లిచ్చెను. ఇచ్చట నది కంపెనీల యిష్టము. కొన్ని మూఁడు దినము లిచ్చును, కొన్ని యైదు.

దినసంఖ్యకంటె బంధుగణనము చిత్రమైనది. సాపిండ్యము ఏడవతరమువఱకుఁ బోవును. కంపెనీ పట్టికలలోఁ దఱచుగాఁ దల్లిదండ్రులు, భార్య లేక భర్త, బిడ్డలు, తోఁబుట్టువులు, నంతే. పెంచిన పెదతండ్రి పోయిన పదిదినములు మైల. కాని యా పట్టికలో నాయన కుటుంబములోనివాఁడు కాఁడు. మేనమామ సంగతి చెప్పనేల?

రాజమహేంద్రవరమున దహనము, పదవనాఁటి కర్మ, పండ్రెండవనాఁడు సపిండీకరణము జరుగవలసినవాఁడు మూఁడు దినముల సెలవుతో నేమి చేయును? నాల్గవనాఁడు నిజాంపేటకు మరలివచ్చి, తొమ్మిదవరాత్రి యాకస్మికపు సెలవు పెట్టి మఱల రైలెక్కును. లేక 2020 తరువాత నలవాటైన రీతిని, ఊరనే యుండి యింటినుండి పని చేయుదునని విన్నవించుకొనును. అప్పుడు విష్ణుస్మృతి యందలి సప్తమి కాధారమే లేదు. శవము నుంచినచోటఁ బదిదినములు వెలుఁగు దీపమును, తెఱచిన లాప్‌టాపును ఒక్క గదిలోనే యున్నవి.