ఇంజను ముక్కు ఎంత ఎత్తులో ఉండాలి

మా మేనమామ ఇరిగేషన్ శాఖలో జీపు డ్రైవరు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తర్వాత కొన్ని నెలలపాటు ఆయన దివిసీమ గట్ల మీదే తిరిగాడు. నాకప్పుడు పదేళ్లు. సెలవుల్లో ఒకటి రెండుసార్లు ఆయన పక్కన కూర్చుని వెళ్లాను. గండి దగ్గరికి రాగానే బండి ఆపేసి బానెట్ ఎత్తి ఫ్యాన్ బెల్టు ఊడదీసేవాడు. నీళ్లలో ఫ్యాను తిరిగితే డిస్ట్రిబ్యూటర్ మీదికి చిమ్ముతుందని. అవతలి గట్టు ఎక్కాక బెల్టు మళ్లీ వేసి, ఎయిర్ క్లీనర్ అడుగున ఉండే నూనె గిన్నె విప్పి చూసేవాడు. నూనె నల్లగా ఉంటే సరే, మజ్జిగలా తెల్లబడితే నీళ్లు కలిశాయని లెక్క.

"ఒళ్లంతా తడిసినా పర్లేదురా అబ్బాయీ, ముక్కులోకి మాత్రం చుక్క పోకూడదు" అనేవాడు.

ఆ మాట నేను ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత హ్యూస్టన్‌లో గుర్తు చేసుకున్నాను. అప్పటికే ఆలస్యమైపోయింది. నాది 2002 మోడల్ హోండా ఎస్2000. రెండు లీటర్ల ఇంజను, తొమ్మిది వేల ఆర్‌పీఎమ్ దాకా పాడుతుంది. కంపెనీ ఇచ్చిన ఫిల్టర్ పెట్టె తీయించి, బయట దొరికే కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ పెట్టించాను. పొడవాటి అల్యూమినియం గొట్టం, దాని కొసన ముందు బంపరు మూలలో కోన్ ఫిల్టర్. నేల నుంచి జానెడు ఎత్తు కూడా లేదు. 2015 మే 25 రాత్రి నగరం మునిగినప్పుడు ఒక ఫ్లైఓవర్ కింద, బంపరు సగం కూడా తడవని నీళ్లలో బండి ఆగిపోయింది. స్టార్ట్ బటన్ ఒకసారి నొక్కాను. లోపల సుత్తితో కొట్టినట్టు ఒక్క చప్పుడు. తర్వాత ఇంజను విప్పి చూస్తే మూడో సిలిండర్ కనెక్టింగ్ రాడ్ వంగి ఉంది.

లెక్క వేస్తే ఇందులో వింతేమీ లేదు. ఈ ఇంజను ఒక్కో సిలిండర్ ఐదు వందల మిల్లీలీటర్లు. కంప్రెషన్ నిష్పత్తి 11. అంటే పిస్టన్ పైకి చేరినప్పుడు మిగిలే చోటు దాదాపు యాభై మిల్లీలీటర్లే. మన టీ కొట్టు గ్లాసులో సగం. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. ఆ సగం గ్లాసు దాటి నీళ్లు చేరితే పిస్టన్ పైకి రాలేదు, రాడ్ వంగుతుంది. పైగా తొమ్మిది వేల ఆర్‌పీఎమ్ దగ్గర ఈ ఇంజను నిమిషానికి సుమారు తొమ్మిది వేల లీటర్ల గాలి పీలుస్తుంది. అంత బలంగా పీల్చే ముక్కును నీళ్ల దగ్గర పెడితే ఏమవుతుందో మా మామకు ఏ లెక్కా రాకుండానే తెలుసు.

రాడ్ మార్పించుకున్న ఆ వేసవిలోనే ఈ ముక్కు కథంతా చదవడం మొదలుపెట్టాను.

తొలినాళ్ల కార్లకు ఫిల్టరే లేదు. ఫోర్డ్ మోడల్ టీ కార్బురేటర్ నోరు తెరుచుకునే ఉండేది. మట్టిరోడ్ల దుమ్ము సిలిండర్లను అరగదీయడం చూశాక నూనె గిన్నెలు వచ్చాయి. గాలి కిందికి దిగి నూనె మీద గిర్రున మలుపు తిరిగేటప్పుడు, బరువైన దుమ్ము మలుపు తీసుకోలేక నూనెలో పడిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధపు విల్లీస్ జీపులో ఉన్నది అదే, మా మామ విప్పి చూసిందీ దాని సంతతే. నీళ్ల సంగతి గట్టిగా పట్టించుకున్నది కూడా ఆ యుద్ధమే. 1944 జూన్ 6న నార్మండీ తీరంలో దిగిన షెర్మన్ ట్యాంకుల్లో చాలావాటికి వెనక భాగాన నిలువుగా ఎత్తైన రేకు గొట్టాలు బిగించారు. ఇంజను గాలి ఆ గొట్టాల పైనుంచే వచ్చేది. అలలు ట్యాంకు ఒంటిని ముంచినా ముక్కు పైనే ఉండేది.

శాంతికాలంలో కాగితపు ఫిల్టర్లు వచ్చి, రోడ్లు బాగుపడి, ఆ భయం మరుగున పడింది. బదులుగా వేగం మీద మోజు పుట్టింది. పది డిగ్రీలు చల్లటి గాలి సుమారు మూడు శాతం చిక్కగా ఉంటుంది, అంత మేరకు ఎక్కువ పెట్రోలు మండుతుంది. 1964లో ఫోర్డ్ తన థండర్‌బోల్ట్ రేసు కారుకు లోపలి రెండు హెడ్‌లైట్లు పీకేసి ఆ కన్నాల్లోంచే గాలి లాగింది. పోంటియాక్ జీటీఓ బానెట్ మీది స్కూప్‌ను నిజంగానే తెరిచింది. తెరిచాక వాన గుర్తొచ్చింది. 1969 జీటీఓలో ఇలా తెరిచిన స్కూప్ (దాన్ని రామ్ ఎయిర్ అనేవారు) ఉన్న కార్లకు డాష్‌బోర్డు కింద ఒక నాబ్ పెట్టారు. వాన పడితే డ్రైవరు దాన్ని కదిలించి స్కూప్ తలుపులు మూసుకోవచ్చు. ఈ చరిత్ర మొత్తంలో నాకు బాగా నచ్చిన వస్తువు ఆ నాబ్. కారు చేసినవాడే, నేను ఇక్కడ ఒక కన్నం పెట్టాను, దాన్ని ఎప్పుడు మూయాలో నువ్వు చూసుకో అని నిజాయితీగా చెప్పినట్టుంటుంది.

అదే 1969లో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో కెన్ జాన్సన్, నార్మ్ మెక్‌డొనాల్డ్ పేర్ల మొదటి అక్షరాలతో కే అండ్ ఎన్ పుట్టింది. వైరు మెష్ మధ్య పొరలుపొరలుగా నూలు గాజుగుడ్డ, దానికి నూనె పట్టించడం, మురికి పడితే కడిగి మళ్లీ వాడుకోవడం. చుట్టూ ఎడారి, ఎడారిలో మోటార్‌సైకిల్ రేసులు. అక్కడి శత్రువు దుమ్ము. ఈ ఫిల్టర్ కులం పుట్టుకే పొడినేల మీద జరిగింది. 1990లలో హోండా కుర్రాళ్లు దాన్ని పొడవాటి గొట్టం కొసన తగిలించి బంపరు వెనక్కి దించినప్పుడు కూడా దించింది దక్షిణ కాలిఫోర్నియాలోనే. 2001లో ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ సినిమా వచ్చాక ఆ మోజు వాన దేశాలకూ, వరద ఊళ్లకూ పాకింది. గొట్టం వెళ్లింది కానీ నాబ్ వెంట వెళ్లలేదు.

అందుకే తర్వాత ఒక్కొక్కటిగా అతుకులు పడ్డాయి. మొదటిది తొడుగు. నీళ్లు అంటని పాలిస్టర్ గుడ్డతో కుట్టిన సంచి, కోన్ మీద సాక్సులా తొడుగుతారు. టైరు చిమ్మే తుంపర్లు దాని మీంచి జారిపోతాయి, గాలి లోపలికి పోతుంది. జడివానకు అది చాలు. మునిగితే దానివల్ల ఏ ఉపయోగమూ లేదు. రెండోది ఏఈఎమ్ అనే కాలిఫోర్నియా సంస్థ చేసిన బైపాస్ వాల్వ్. గొట్టాన్ని మధ్యలో కోసి, ఫిల్టర్ కంటే పైన బిగించాలి. కింద ఫిల్టర్ మునిగితే గొట్టంలో పెరిగిన లాగుడుకు వాల్వ్ తెరుచుకుంటుంది. నీళ్లను పైకి లాగడం కంటే గాలిని లాగడం తేలిక కాబట్టి ఇంజను ఆ దారినే ఊపిరి తీసుకుంటుంది. టర్బో ఉన్న బండికి అది పనికిరాదు, వాల్వ్ కూడా మునిగే లోతులో అసలు పనికిరాదు. ఇక మూడోది అందరూ మరిచేది: టైరు చుట్టూ ఉండే ప్లాస్టిక్ లైనరు. గొట్టం పట్టడం లేదని దాన్ని కోసేసినవాళ్లు తుంపరను ఫిల్టర్ మీదికి వాళ్లే పిలిచినట్టు. నా బండికి కోసినవాళ్లు ఆ మాట చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇన్నీ చదివాక కంపెనీ పెట్టె మీద గౌరవం పెరిగింది. వికారంగా కనిపించే ఆ నల్లటి ప్లాస్టిక్ పెట్టెకు బంపరు కంటే బాగా పైన నోరు, లోపల మలుపులు. ఆ నోటి ఎత్తు ఎవరికో తోచినట్టు పెట్టింది కాదు. ఎనభై తొంభై ఏళ్ల తడిసిన ఇంజన్ల అనుభవం అందులో ఉంది. దాన్ని తీసి పారేసి, అది చేసే పనినే తొడుగులుగా, వాల్వులుగా విడివిడిగా మళ్లీ కొనుక్కుంటున్నాం. పొడినేల మీద, రేసు ట్రాక్ మీద కోన్ ఫిల్టర్ మంచిదే, దాని పాట నాకు ఇప్పటికీ ఇష్టమే. కానీ బేయూలనే వాగుల ఒడ్డున కట్టిన హ్యూస్టన్‌కు గానీ, నాలాల మీద ఇళ్లు లేచిన హైదరాబాదుకు గానీ అది తగదని నా తీర్పు.

ఆ ఏడాదే పాత పెట్టె వెతికి కొని బిగించుకున్నాను. 2017 ఆగస్టులో హార్వీ తుఫాను వచ్చినప్పుడు బండి బయటికే తీయలేదు.

మీ బండికి ఏ ఫిల్టర్ ఉన్నా సరే, నీళ్లలో ఆగిపోతే దయచేసి మళ్లీ స్టార్ట్ చేయకండి. తోయించి ఒడ్డుకు చేర్చండి. స్పార్క్ ప్లగ్గులు విప్పించి, సిలిండర్లలోని నీళ్లు బయటికి పోయాయని కళ్లారా చూశాకే బటన్ మీద చెయ్యి వెయ్యండి.